వెనక గది హక్కు

ఇల్లు కొనడానికి లాయరెందుకని తమ్ముడు మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. టైలరమ్మ వినలేదు. ఇరవయ్యేళ్లుగా అద్దె గదుల్లో మిషను తొక్కిన మనిషి. గుడ్డయినా సరే, తిరగేసి లోపలి కుట్టు చూడందే కొనదు. పాత పత్రాలన్నీ తీసుకెళ్లి లాయరు గారి బల్ల మీద పెట్టింది.

ఆయన నాలుగు రోజులు చదివి కబురు పెట్టాడు.

"అన్నీ సక్రమంగానే ఉన్నాయమ్మా. ఒక్కచోటే ముడి పడింది. యాభై తొమ్మిదేళ్ల కిందట ఈ ఇల్లు మొదటిసారి అమ్మినాయన, ప్రాణం ఉన్నంతకాలం తన అక్క వెనక గదిలో ఉండే హక్కు ఉండాలని షరతు రాయించాడు. తర్వాత కొన్నవాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు."

"ఆవిడెప్పుడో పోయుంటుంది కదండీ," అన్నాడు తమ్ముడు.

"పోయినట్టు కాగితం ఎక్కడా లేదు బాబూ. వెతికించాను. అప్పటికే ఆవిడకి డెబ్బై ఒకటి."

"అంటే ఇప్పుడు నూట ముప్పయ్యా!" తమ్ముడు పకపకా నవ్వాడు. లాయరు నవ్వలేదు. గది ఖాళీగా ఉందని కళ్లారా చూసి రాసుకుందాం, పదండన్నాడు.

మర్నాడు పదకొండు గంటలకి, ఫెళ్లున ఎండ కాస్తుండగా ముగ్గురూ వెళ్లారు. ఇల్లమ్మే ఆయన తాళంచెవులు చేతిలో పెట్టి, "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటా," అని గేటు దగ్గరే ఆగిపోయాడు. ముందు గదుల్లో మేకులు పీకిన గోడలు తప్ప ఏమీ లేవు. వెనక గదికి బయట గొళ్లెం, దానికి తుప్పు పట్టిన తాళం. చెవి పెట్టబోతూ లాయరు ఆగి, అలవాటు కొద్దీ తలుపు తట్టాడు.

"ఉండండుండండి, లేస్తున్నా," అంది లోపల్నుంచి ఒక ముసలి గొంతు.

తమ్ముడు గభాల్న రెండడుగులు వెనక్కేశాడు. లాయరు తాళం వదిలేసి తలుపుకి దగ్గరగా వంగాడు.

"అమ్మా, ఈ ఇల్లు అమ్ముతున్నారు. మీ హక్కు వదులుకుంటారా?"

లోపల ఎవరో మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు. తర్వాత, "మా తమ్ముడు పంపాడా?"

"లేదమ్మా."

"నేను పోయినట్టు కాగితం తెచ్చారా?"

"లేదు."

"అయితే ఉంటాను."

మంచం కిర్రుమంది, ఎవరో మళ్లీ నడుం వాల్చినట్టు. లాయరు తాళం తీశాడు. గదిలో మంచం లేదు, మనిషి లేదు. నేలంతా వేలు మందాన దుమ్ము. ఆ దుమ్ములో మంచంకోళ్లంత మేర నాలుగే నాలుగు చోట్ల నేల తళతళలాడుతోంది.

బయటికొచ్చాక ఏం చూశారని ఇల్లమ్మే ఆయన అడగలేదు. తలొంచుకుని, "సంతకాలెప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు.

"వద్దక్కా, నా మాట విను," అని తమ్ముడు బతిమాలాడు. లాయరూ అదే అన్నాడు. టైలరమ్మ ఇంటి వైపు తిరిగి చూసింది. మిషనెత్తుకుని ఎన్ని ఇళ్లు ఖాళీ చేసిందో, ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఎంత సిగ్గుపడిందో ఆవిడకే తెలుసు.

"ఆ షరతు అలాగే ఉంచి రాయండి," అంది చివరికి. "ఆవిణ్ణి నేను లెమ్మనను."

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఆ వాక్యం దగ్గర ఆగి తలెత్తాడు. "ఈవిడ ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాడు లాయరు, ఆయన కళ్లలోకి చూడకుండా.

టైలరమ్మ ఆ ఇంటికొచ్చి మూడేళ్లయింది. తమ్ముడొస్తాడు గానీ గుమ్మం దాటడు. వెనక గది తాళం తీసే ఉంటుంది. ఊడవబోయే ముందు ఆవిడ తలుపు తడుతుంది, "రామ్మా," అన్నాకే లోపలికి వెళ్తుంది. కొలతలివ్వడానికొచ్చినవాళ్లు మధ్యాహ్నాలప్పుడు లోపల దగ్గు విని, "ఎవరండీ?" అని అడుగుతారు.

"మా ఇంట్లో ఆవిడే," అంటుంది టైలరమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "కాస్త నెమ్మదిగా మాట్లాడండి. ఇప్పుడే పడుకుంది."