నాలుగున్నరకి మిస్డ్ కాల్

భానుశ్రీగారి దయ మామూలు దయ కాదు. మనిషిని పట్టుకుందంటే వదలదు.

పోయినేడాది ఆవిడ టీములో ఇద్దరు పని ఒత్తిడి తట్టుకోలేక మానేశారు. పైవాళ్ళు ఆవిడకి బాగా అక్షింతలు వేశారు. దాంతో మనుషులు అలిసిపోతారన్న సంగతి ఆవిడకి తెలిసొచ్చింది. బెజవాడలో తన ఫ్లాటులో కూర్చుని, ఎవరిళ్ళలో వాళ్ళుండి ఇన్సూరెన్సు కస్టమర్ల ప్రశ్నలకి జవాబులు టైపు చేసే ఏడుగురికీ ఒక రూలు పెట్టింది. రోజూ నాలుగింటి నుంచి నాలుగున్నర దాకా విశ్రాంతి. కెమెరా ఆన్‌లో ఉండాలి, కళ్ళు మూసుకోవాలి. ఆ అరగంట పనీ డ్యూటీ అయ్యాక చేసిపెట్టాలి.

"అలిసిపోవడం మీ తప్పు కాదమ్మా. నాకు చెప్పకుండా దాచుకోవడం తప్పు," అనేది. నాలుగున్నర దాటి రెండు నిమిషాలైనా పనిలోకి రాకపోతే మాత్రం వాళ్ళ పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టేది. విశ్రాంతికైనా క్రమశిక్షణ ఉండాలి కదా!

ఆ ఏడుగురిలో హెలెన్‌ది హనుమాన్ జంక్షన్. ఈ ఉద్యోగం రాకముందు నాలుగేళ్ళు అత్తగారు శౌరమ్మ ఫ్యాన్సీ షాపులో చేసింది. ఆ షాపులో ఒకటే కుర్చీ. అందులో శౌరమ్మ. కోడలు పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడే గాజులు చూపించాలి, నిలబడే క్లిప్పులు సర్దాలి. ఉద్యోగం వచ్చాక కంపెనీవాళ్ళు గుండ్రంగా తిరిగే నల్ల కుర్చీ ఒకటి ఇంటికి పంపారు. హెలెన్ దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వదు. అత్తగార్ని దగ్గరికే రానివ్వదు.

కృపది కూచిపూడి. ఏడు నెలల పిల్ల తల్లి. ఇద్దరూ ఒకేరోజు ఉద్యోగంలో చేరారు. ఒక్కసారే కలుసుకున్నారు, విజయవాడ బస్టాండులో. కృప తెచ్చిన బందరు హల్వా తింటూ రెండు గంటలు బల్ల మీద కూర్చుని భానుశ్రీగార్ని నోరారా తిట్టుకున్నారు. ఆ రెండు గంటల్లో అక్కాచెల్లెళ్ళయిపోయారు.

"అలారం పెట్టుకుంటే నిద్రలోనే నొక్కేస్తున్నానక్కా," అంది కృప, విశ్రాంతి రూలు వచ్చిన కొత్తలో. "నువ్వు మోగిస్తే ఎవరో పిలిచినట్టుండి లేస్తాను. నాలుగున్నరకి ఒక్క నిమిషం ముందు మిస్డ్ కాల్ ఇయ్యి. నేను కట్ చేశాననుకో, లేచినట్టు."

అప్పట్నుంచి రోజూ అంతే. హెలెన్‌కి ఒంట్లో బాగా లేనప్పుడు కృప మోగించేది.

ఇంతలో భానుశ్రీగారు కబురు చెప్పింది. నెలాఖరుకి టీములో ఒకరు తగ్గాలి. ఎర్ర చుక్కలు ఎవరికి ఎక్కువైతే వాళ్ళే. "దీని గురించి ఎవరూ టెన్షన్ పడకండమ్మా. ఆరోగ్యానికి మంచిది కాదు," అంది. అప్పటికి హెలెన్‌కి రెండు చుక్కలు, కృపకి రెండు. మిగతావాళ్ళకి ఒకటో, అదీ లేకుండానో.

తలుపు అవతల నుంచి శౌరమ్మ విననే విన్నది. "పోతే పోయిందిలే. కొట్లో నిలబడే మనిషి లేక చస్తున్నా," అంది, పండగొచ్చినంత సంబరంగా.

నెలాఖరు గురువారం, నాలుగు కాబోతుండగా కృప నుంచి మెసేజ్. 'పిల్లకి జ్వరం అక్కా. రెండ్రోజుల్నించీ కన్ను మూయలేదు. ఇవాళ గట్టిగా పడుకుంటా. నువ్వున్నావుగా.'

'నేనున్నాను, పడుకో,' అని పెట్టింది హెలెన్. పెట్టినప్పుడు నిజంగానే పెట్టింది.

స్క్రీనులో కృప బల్ల మీద తల వాల్చింది. రెండు నిమిషాల్లో నోరు తెరుచుకుపోయింది. నాలుగూ ఇరవై తొమ్మిదికి హెలెన్ ఫోను చేతిలోకి తీసుకుంది. కృప పేరు మీద వేలు పెట్టి ఆగింది.

నిద్రపోయేవాళ్ళని లేపకూడదు, ఉసురు తగులుతుందని వాళ్ళమ్మమ్మ అనేది. ఇన్నాళ్ళూ రోజూ లేపుతున్నా ఆ మాట హెలెన్‌కి ఒక్కనాడూ గుర్తురాలేదు. సరిగ్గా ఇప్పుడు గుర్తొచ్చింది. మంచిమాటలు మనకి అవసరపడ్డప్పుడే గుర్తొస్తాయి. ఫోను బోర్లా పెట్టేసింది.

నాలుగున్నర అయింది. అందరూ కళ్ళు తెరిచారు. ఇంకో రెండు నిమిషాలు దాటాయి.

"మేడమ్, కృపగారు..." అని బాబీ అనే కుర్రవాడు నసిగాడు.

భానుశ్రీగారు పెదాల మీద వేలు పెట్టుకుంది. "ష్! పడుకోనీ, పాపం. ఎంత అలిసిపోయిందో." అంటూనే, పక్కన టైము కనపడేలా స్క్రీను ఫొటో తీసుకుంది. కృప కస్టమర్లని మిగతావాళ్ళకి పంచింది.

ఐదూ పదికి చంటిది ఏడిస్తే కృప లేచింది. ముందు ఫోను తీసి చూసుకుంది. అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూసుకుంది. హెలెన్ ఇదంతా తన స్క్రీనులో చూస్తూనే ఉంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"నీకు విశ్రాంతి చాలా అవసరమమ్మా," అంది భానుశ్రీగారు, అందరి ముందూ, కన్నతల్లిలాగా. "అందుకే, నీ మంచి కోరే నిన్ను తగ్గిస్తున్నాం."

ఆ సాయంత్రం కృప ఫోన్ చేసింది. మూడోసారికి గానీ హెలెన్ ఎత్తలేదు.

"నీకూ నిద్ర పట్టేసిందా అక్కా? నాకు తెలుసులే. మెలకువుంటే లేపకుండా ఉంటావా?"

"అవునే. కునుకు పట్టేసింది."

"నీకు చుక్క పడలేదు కదా? నాకదే భయం."

"పడలేదు. టైముకి లేచా."

"అమ్మయ్య! పోన్లే, ఒకళ్ళమన్నా నిలబడ్డాం." కృప ముక్కు ఎగబీల్చింది. "నువ్వేం దిగులు పడకక్కా. రేపట్నించి నాకు పనేముంది? నాలుగున్నరకి నేనే నీకు మిస్డ్ కాల్ ఇస్తాలే."

ఇస్తోంది. డ్యూటీ ఉన్న ప్రతిరోజూ, సరిగ్గా నాలుగూ ఇరవై తొమ్మిదికి. నంబరు బ్లాక్ చేద్దామంటే, ఏమైందోనని పిల్లనెత్తుకుని జంక్షన్‌కి వచ్చేస్తుందేమోనని హెలెన్‌కి భయం. నిద్ర ఎలాగూ పట్టడం లేదు. నల్ల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఫోను మోగగానే కట్ చేస్తుంది.