కాల్హేర్ అడిగిన కూతగాడు

నర్సింగ్‌ని కాల్హేర్ జట్టు అడుగుతోందన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. పద్మనగర్ కబడ్డీ జట్టుకు కార్యదర్శిని నేను. ముద్ర నా దగ్గరే ఉంటుంది, జట్టు పేరు అచ్చేసిన కాగితాల కట్ట నా ట్రంకుపెట్టెలోనే ఉంటుంది. అయినా ఆ వార్త నాకు దుర్గవ్వ భిస్సీలో పప్పుతో పాటు వడ్డించారు.

కార్ఖానాల్లో పనిచేసే ఒంటరి మగవాళ్లకు రెండు పూటలా వండిపెట్టే ఇంటిని మా భివండీలో భిస్సీ అంటారు. నేనూ నర్సింగూ ఆరేళ్లుగా దుర్గవ్వ దగ్గరే, కిటికీ కింద ఒకే చాప మీద కూర్చుని తినేవాళ్లం. ఆ రోజు వాడు ఇంకా రాలేదు.

"నర్సింగును కాల్హేర్ గోదాముల పాటీల్ అడుగుతున్నడంట గదా అన్నా?" అంది దుర్గవ్వ.

"ఎవలు చెప్పిన్రు?" అన్నాను.

"మెల్లగ, అన్నా. నీ పక్కకే ఉన్న. గంతగనం మొత్తుకుంటవేంది?"

నేను మొత్తుకోలేదు. మామూలుగానే అడిగాను. కానీ ముప్పై ఏళ్లు సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య నిలబడ్డవాడి మామూలు వేరు. బుచ్చిరాములు సేఠ్ కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే మేం పెదాలు చూసి మాట పట్టుకుంటాం, మిగతాది చేతులతో చెప్పుకుంటాం. సేఠ్ వస్తున్నాడంటే మీసం మీద వేలు. తిన్నావా అంటే ఐదు వేళ్లూ దగ్గరకు ముడిచి నోటి ముందు రెండుసార్లు. నర్సింగ్ నాకు ఎదురు వరసలో పనిచేసేవాడు. రోజూ పొద్దున పదింటికి వాడి చెయ్యి నోటి దగ్గరకు లేచేది. టీ నీళ్లు తప్ప ఏమీ పడకపోయినా నేను తిన్నానని తలూపేవాణ్ణి.

వాడు సిరిసిల్ల అవతలి పల్లె నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చాడు. తల్లీ తండ్రీ లేరు. రెండు సాంచాల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు ఉంటుంది. ఆ సందులో కండెల బుట్ట ఎత్తుకుని దేనికీ తగలకుండా ఉరుకుతుంటే చూసి, వీడు కూతకు పోతే ఎవడు పట్టుకుంటాడనుకున్నాను. సాయంత్రం మైదానానికి లాక్కెళ్లాను. రెండేళ్లు తిరిగేసరికి ఠాణా జిల్లాలో వాడి పేరు తెలియని జట్టు లేదు. నాకా, పెళ్లి కాలేదు. ఎవరైనా అడిగితే జట్టుతోనే అయిందని నవ్వేసేవాణ్ణి. ఆ నవ్వు ఎవరూ నమ్మేవారు కాదు, నేను కూడా.

రెండు వేల మూడు వానాకాలం తర్వాత నర్సింగ్ మారిపోయాడు. వాడొక్కడే ఇరవై పాయింట్లు తెచ్చినా మేం ఓడిపోయేవాళ్లం. పన్నెండు గంటలు సాంచాల ముందు నిలబడి వచ్చిన మావాళ్లకు ఎదుటివాడి కాలు పట్టుకునే సత్తువ ఎక్కడిది? వాడికది అర్థం కాలేదని కాదు, అర్థమై కూడా విసిగిపోయాడు. ఆటకు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఒక పోటీలో అయితే నడుం మీద చేతులు పెట్టుకుని మూలన నిలబడ్డాడు, కూతకే పోలేదు. కెప్టెన్ చిన్నయ్య వాడితో మాటలు మానేశాడు.

ఆ పూట వాడు భిస్సీకి రాగానే అడిగాను. వాడు ఏమీ దాచలేదు.

"నిజమే కాక. పాటీల్ మనిషి వచ్చిండు. పొద్దుగాల ఆట నేర్పెటందుకు సార్ ఉన్నడంట. గోదాంల పగటి పని ఇస్తరంట. నాకు ఇరువై నాలుగేండ్లు. ఇంక నాలుగేండ్లు ఆడుత, గంతే. నువ్వొక్క కాగితం రాసిస్తె చాలు."

పాత జట్టు విడుదల కాగితం ఇవ్వకపోతే ఆటగాడు ఏడాది పాటు ఎవరి తరఫునా ఆడకూడదు. అది జిల్లా సంఘం నియమం. "చూద్దాం తీ," అన్నాను. వాడు నా కంచం వైపు పచ్చిపులుసు జరిపాడు. వాడు కాల్హేర్ పోతే ఈ చాప మీద నా పక్కన ఎవరు కూర్చుంటారన్న ఆలోచన ఒక్కటే నన్ను పట్టుకుంది.

వారం సెలవు నాడు మధ్యాహ్నం కార్ఖానాలోనే కూర్చున్నాం. సేఠ్ మా జట్టుకు అధ్యక్షుడు కూడా. ఆయన, చిన్నయ్య, నేను. షట్టర్ సగం దించాం. గుట్టు బయటపడకూడదని చిన్నయ్యను దగ్గరగా జరగమన్నాను. ముగ్గురం తలలు కలిపి గుసగుసలాడుకున్నాం. గుసగుసలనే అనుకున్నాం.

"ఇచ్చేద్దాం సేఠ్," అన్నాడు చిన్నయ్య. "వాని బదులు ఇద్దరు పట్టేటోళ్లను ఇస్తమంటున్నరు. మూతి ముడుసుకున్నోడు ఒక్కడెందుకు మనకు, ఆడేటోళ్లు ఇద్దరు వస్తుంటె?"

సేఠ్ గడ్డం గోక్కున్నాడు. "నువ్వేమంటవ్ అంకుశం?"

నిజం చెప్పాలంటే నా దగ్గర ఒకటే మాట ఉంది. వాడు పోతే నేను ఒంటరినైపోతాను. యాభై దాటిన మగవాడు, జట్టు కార్యదర్శి, ఆ మాట నోటితో ఎలా అంటాడు? అందుకని తెలివిగల మాటలు వెతుక్కున్నాను.

"ఇయ్యొద్దు సేఠ్. వాడు యాడికి పోతడు? వానికి ఎవలున్నరు? ముద్ద పెట్టి సాదినోణ్ణి నేను. కాగితం ఇయ్యకుండ్రి. నాలుగు దినాలు అలుగుతడు, తిరిగి తిరిగి మల్ల నా కాళ్లకాడికే వస్తడు."

సేఠ్ నవ్వాడు. "గట్లనే కానీ," అన్నాడు. చిన్నయ్య ఇంకా ఏదో గొణిగాడు కానీ అధ్యక్షుడి మాటే చెల్లింది. గెలిచానన్న సంబరంతో షట్టర్ ఎత్తాను.

మెట్టు మీద నర్సింగ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా. సెలవు రోజు దుర్గవ్వ మటన్ వండుతుంది. నాకు ఆలస్యమైతే అయిపోతుందని నా వంతు కట్టించుకుని తెచ్చాడు. వీధి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఏ కార్ఖానాలోనూ సాంచా ఆడటం లేదు. మూడిళ్ల అవతల ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు చెవిటివాణ్ణి నాకే వినబడింది. అప్పుడు తెలిసింది నాకు, మేం ఎంత గట్టిగా మాట్లాడామో. ముప్పై ఏళ్లుగా ఉన్న హోరు ఇవాళ లేదన్న సంగతి ముగ్గురు సాంచా మనుషుల్లో ఒక్కడికీ గుర్తులేదు.

వాడు లేచి, వంగి, డబ్బా నా పాదాల ముందు పెట్టాడు.

"నీ కాళ్లకాడికే వచ్చిన కాక," అన్నాడు. "కూర సల్లారిపోతది. తిను."

ఆ తర్వాత వాడు అలగలేదు. అలిగినా బాగుండేది. మర్నాటి నుంచి అందరికంటే ముందు మైదానంలో ఉండేవాడు. పొమ్మంటే కూతకు పోయేవాడు, రమ్మంటే వచ్చేవాడు. రెండు పోటీలు గెలిచాం. "నువ్వు చెప్పినట్టే దారికొచ్చిండు కాక," అని చిన్నయ్య నా వీపు చరిచాడు. భిస్సీకి మాత్రం నేను తిని లేచాక వచ్చేవాడు. కార్ఖానాలో పది గంటలయ్యేది. నేను ఎదురు వరస వైపు చూసేవాణ్ణి. వాడి చేతులు దారం మీదే ఉండేవి. ఒకరోజు నేనే సిగ్గు విడిచి వేళ్లు ముడిచి నోటి దగ్గర ఆడించాను. వాడు చూశాడు, తల దించుకుని కండె మార్చాడు.

ఇరవై రోజులు అలా గడిచాయి. వాణ్ణి ఆపుకున్నాను, కానీ నా దగ్గర ఉన్నది వాడు కాదు. గదిలో పడుకుంటే నా మాటలే నాకు వినబడేవి. బయటి చప్పుళ్లు వినబడని చెవులకు లోపలి మాటలు ఎందుకు వినబడతాయో తెలియదు. నేను చేసింది తప్పు. వాణ్ణి పెంచానన్న పేరుతో కట్టేశాను.

కాగితాలకు గడువు నెలాఖరు. ముందు రోజు సాయంత్రం ట్రంకుపెట్టె తెరిచి ముద్రా కాగితమూ పట్టుకుని దుర్గవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురు ఆర్తి మరాఠీ బడిలో పదో తరగతి. రాసిపెట్టమన్నాను.

"కారణ్ ఏం రాయాలె కాకా? ఇక్కడ కారణ్ అడిగిన్రు," అంది ఆర్తి.

"మేమే మంచిగ సూసుకోలేదని రాయ్ బిడ్డా."

ఆ పిల్ల కలం ఎత్తి నా మొహం చూసింది. "అసం నకో కాకా, గట్ల ఎవరూ రాయరు. ఆటగాడి ఇష్టం మీద అని రాస్త." చక్కటి అక్షరాలతో అలాగే రాసింది. బదులుగా ఇద్దరు ఆటగాళ్లను అడిగే చోటు ఖాళీగా వదిలేయమన్నాను. వాడిని బేరం పెట్టే హక్కు నాకు లేదు.

మర్నాడు సాంచాలు నిండుగా ఆడుతుండగా ఎదురు వరసకు వెళ్లి, వాడి ముందు చుట్టుకుంటున్న బట్ట మీద ఆ కాగితం పెట్టాను. వాడు చేతులు తుడుచుకుని చదివాడు. ఆ హోరులో నేను నోరు తెరిచి అన్నాను, "తప్పు మాట్లాడిన నర్సింగ్. నువ్వు పోతె నాకెవరూ ఉండరని గట్ల మాట్లాడిన." వాడి కళ్లు కాగితం మీదే ఉన్నాయి. నా పెదాలు చూశాడో లేదో నాకు తెలియదు. రెండోసారి అనడానికి ధైర్యం చాలలేదు. తిరిగి నా సాంచా దగ్గరకు వచ్చేశాను.

ఆ వారమే వాడు కాల్హేర్ వెళ్లిపోయాడు. సేఠ్ నన్ను నానా మాటలూ అన్నాడు. ఒక్కడికి ఇద్దరు వచ్చే బేరం చెడగొట్టానని చిన్నయ్య ముద్రా కాగితాలూ లాక్కున్నాడు. మైదానానికి రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. సాయంత్రాలు ఏం చేయాలో తెలియక పద్మనగర్ సందులన్నీ తిరిగేవాణ్ణి. ఎదురైనవాళ్లు "ఏం కాక" అనేవాళ్లు, నేను జవాబు చెప్పేలోపే దాటిపోయేవాళ్లు.

ఫిబ్రవరిలో కాల్హేర్ మైదానంలో మా జట్టుకూ వాళ్లకూ పోటీ పడింది. షేర్ ఆటో ఎక్కి ఒక్కణ్ణే వెళ్లాను. మావాళ్ల వెనక గీత అవతల, జనంలో నిలబడ్డాను. నర్సింగ్ కొంచెం ఒళ్లు చేశాడు. బూట్లు కొత్తవి. కూతకు మావైపు వచ్చాడు. నాకు కూత వినబడలేదు కానీ పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. కుడికి వంగాడు, ఎడమకు తిరిగాడు, తలెత్తాడు. నన్ను చూశాడు.

కూతలో ఉన్నవాడు వేరే మాట అనకూడదు. వాడి కుడిచెయ్యి లేచింది. ఐదు వేళ్లూ ముడిచి, నోటి ముందు రెండుసార్లు.

చిన్నయ్య కూడా సాంచా మనిషే, ఆ సైగ అతనికీ తెలుసు. ఎవరినా అని ఒక్క క్షణం మెడ తిప్పి వెనక్కి చూశాడు. నర్సింగ్ అతని భుజం తాకి మధ్య గీత దాటేశాడు. ఇంతలో నేను లేదని చెయ్యి ఊపాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు నేను నిజం చెప్పడం అదే మొదలు. అప్పటికి వాడి వీపే నాకు కనబడుతోంది.

మేం పదకొండు పాయింట్ల తేడాతో ఓడాం. ఎంత మోసగాడో చూడండి, మన సైగతోనే మనల్ని కొట్టాడని మావాళ్లంతా తిట్టుకున్నారు. నిజమే కావచ్చు. ఆట అయ్యాక వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. గుంపులోకి చొరబడటం నా వల్ల కాలేదు. కాసేపు నిలబడి ఆటో ఎక్కాను.

భిస్సీ నిండా మనుషులున్నారు. చాప మీద నా పక్కన ఎవరో కొత్తవాడు కూర్చున్నాడు, పేరు తెలియదు. దుర్గవ్వ కంచం పెట్టి, "మనోడు మంచిగున్నడా అన్నా? ఏమన్న మాట్లాడిండా?" అంది.

"తిన్ననా అని అడిగిండు," అన్నాను.

మెల్లగానే అన్నాననుకున్నాను. తింటున్నవాళ్లందరూ తలెత్తి నా వైపు చూశారు.