పులి తాగిన పణా

సాయిపద్మ తమ్ముడి పాదాన్ని పైకి నొక్కి పట్టగానే ఆ పాదం ఆమె చేతిలో దానంతటదే టకటకా కొట్టుకుంటూనే పోయింది. జనం అంటున్నట్టు ఇది పూనకం కాదు, వీడి ఒంట్లో ఏదో విషం పడింది.

పెద్దబజారులో డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. తమ్ముడు సాయిరామ్ ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాతరలో పులివేషం కట్టి ఆడే మొక్కు. పొద్దుట్నుంచీ ఆడినవాడు మధ్యాహ్నం సొంత షాపు ముందే కూలిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. దవడలు బిగుసుకున్నాయి. నల్లగుడ్లు విచ్చుకుపోయాయి. ఆడవాళ్ళు పాదాలమీద పసుపునీళ్ళు పోస్తున్నారు. పద్మ పరిగెత్తుకొచ్చేసరికే ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టేశారు.

"ఆటో పిలవండి! ఆ రంగు కడగండి ముందు!"

పులివేషాల గురువు శ్యామసుందర్ అడ్డం పడ్డాడు. "రంగు ముట్టుకోకు పద్మమ్మా! తల్లి దర్శనం అవకుండా కడిగితే మొక్కు ఎనక్కి తిరుగుతాది."

"ఊపిరి పోతే నువ్వు ఎనక్కి తెస్తావేటి మావా?"

గురువు పక్కకి తప్పుకున్నాడు. కానీ తండ్రి ఊరుకోలేదు. అప్పడాల హోల్‌సేల్ వ్యాపారి వెంకటరమణమూర్తి మనిషంతా చెమటలు కారుతూ కూతురి భుజం పట్టుకున్నాడు. "ఒలే, అమ్మవారొచ్చిందే. సూడు ఎలాగ ఊగుతున్నాడో. కాసేపుంటే దిగిపోతాది."

పద్మ ఆ చెయ్యి విదిలించుకుని, పక్క సోడా కొట్లో బకెట్ ఎత్తి తమ్ముడి నెత్తిన గుమ్మరించింది. పసుపు రంగు రోడ్డుమీద పారింది. జనం గొల్లుమన్నారు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు సుశ్మిత, పద్మతో బళ్ళో చదువుకున్న పిల్లే. స్ట్రెచర్ లోపలికి తోస్తూండగానే పద్మ ఆమె చెవిలో వేసేసింది. "వీడు ఏడాదిగా డిప్రెషన్‌కి ఎస్కిటాలొప్రామ్ వేసుకుంటున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలీదు. చెప్పొద్దన్నది నేనే."

"ఎంత?"

"పది మిల్లీగ్రాములు. ఒకటే మాత్ర."

"దానికి ఇంత అవదు. దానిమీద ఇంకేదో పడింది. అదేంటో పట్రా పద్మా. తెలీకుండా నేను మందేస్తే, ఆ మందే వీణ్ణి తినేయొచ్చు."

తలుపు మూసుకుంది. పద్మ కాళ్ళు ఒక్కచోట నిలవలేదు. వరండా ఈ చివర్నించి ఆ చివరకి, మళ్ళీ ఈ చివరకి. భువనేశ్వర్‌లో మెదడు మీద పరిశోధన చేసే లేబ్‌లో ఆమె కుస్తీ పడుతున్నది సరిగ్గా ఈ సంగతితోనే. నరం గోడలో కూచుని, బయట పడ్డ సెరొటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి మోసే ప్రోటీన్. సాయి మాత్ర ఆపేది దాన్నే. లేబ్‌లో అయితే తప్పు జరిగితే ఆ ప్లేటు పారేసి ఇంకోటి తీసుకుంటారు.

వరండాలో తల్లి జయలక్ష్మి గురువు కాలర్ పట్టుకుని ఉంది. "నువ్వే నా బిడ్డకి ఏదో పట్టావు! భంగు పట్టావా, ఏటి పట్టావు?"

"అక్కా, భంగు పడితే నా పులులకి తోకెక్కడో మీసమెక్కడో తెలుస్తాదేటి? నిమ్మకాయ సేతికిచ్చాను, అంతే. పొద్దుట మోకాలు పట్టీసి కుంటుతున్నాడు, ఇంక ఆడొద్దురా అన్నాను కూడా. షాపుకెళ్ళొచ్చాక సూస్తే గుర్రంలాగ గెంతాడు!"

పద్మ ఆగింది. "కుంటడం మానేశాడా?"

"ఎప్పుడూ నొప్పే లేనట్టు."

నొప్పి. నొప్పి మాత్రల్లో కొన్ని ఉన్నాయి, అవి ఆ ప్రోటీన్ జోలికి వెళతాయి. "అమ్మా, షాపులో సాయి ఏం తిన్నాడు?"

"ఏటి తింటాడే, ఉపాసం కదా. మారేడుపండు పిసికి చేసిన బేల్ పణా తాగాడు. మీ నాన్నే కలిపిచ్చారు. గ్లాసు కూడా తానే కడిగీసారు. కొడుకంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాన్నేను."

పద్మ తండ్రికోసం వరండా అంతా చూసింది. తండ్రి గ్లాసు కడగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయే మనిషి.

ఆయన చివరి బెంచీమీద కూచుని ఉన్నాడు. చొక్కా జేబుమీద చెయ్యి వేసి, తీయకుండా. నిలదీస్తే బిగుసుకుపోతాడని ఆమెకి తెలుసు. పక్కన కూచుంది.

"నాన్నా, మన గొడౌన్ ఎదర సందు ఎంతుంటాది?"

"రెండు రిక్షాలు పట్టవు. ఇప్పుడదెందుకే?"

"తలకాయలో నరానికీ నరానికీ మధ్య కూడా అలాంటి సందే. ఒక నరం సరుకు దించుతాది, రెండోదానికి కబురు అందుతాది. ఆ సరుకుని మళ్ళీ లోపలికి మోసేసే హమాలీ ఒకడుంటాడు. సాయి మేడమీద చీకట్లో కూచునేవాడు, గుర్తుందా? డాక్టరు ఒక మాత్రతో ఆ హమాలీని కూచోబెట్టాడు, సరుకు కాస్త ఎక్కువసేపు సందులో ఉండేలాగ."

"ఏ డాక్టరు?"

"మనసు డాక్టరు. ఏడాదైంది. పిచ్చి మందంటావని నీకు చెప్పలేదు."

ఆయన పెదాలు కదిలాయి. "నాను మొక్కుకున్నాక కదే ఆడు తేరుకున్నాడు..."

"మొక్కూ ఉంది, మాత్రా ఉంది. ఇవాళ ఎవరో అదే సందులో ఇంకో లారీ సరుకు దించేరు నాన్నా. మోసేవాడా, లేడు. సందు నిండిపోయింది. ఆ ఒణుకు అదే, ఆ జ్వరం అదే. ఏ లారీయో తెలిస్తే తీయగలరు."

లోపల ఇనుప మంచం గడగడలాడింది. తలుపు తీసుకుని సుశ్మిత తల బయటపెట్టింది. "జ్వరం నూట నాలుగు దాటింది. తెలిసిందా?"

వెంకటరమణమూర్తి లేచాడు. జేబులోంచి ఖాళీ మాత్రల రేకు తీసి చాచాడు. 

సుశ్మిత రేకు వెనక్కి తిప్పి చదివింది. "ట్రమడాల్, నొప్పి మందు! ఎన్ని?"

"నాలుగు."

"ఇదీ లారీ," అంది పద్మ.

"ఇప్పుడు దారి తెలిసింది. సిస్టర్! ఐసు తెండి, నేను చెప్పే ఇంజెక్షన్ తీయండి!" తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆయన గోడకి చేరగిలబడి, కూతురి మొహం చూడకుండా చెప్పుకుపోయాడు.

"నా హెర్నియా ఆపరేషనప్పుడు ఇచ్చిన మాత్రలే అవి. ఆడు కుంటుకుంటూ షాపులోకొచ్చి, నావల్ల కాదు నాన్నా, ఇంక ఆడలేనన్నాడు. మొక్కింది నాను. మధ్యలో మానీస్తే ఆడు మళ్ళీ ఆ చీకట్లోకి ఎళ్ళిపోతాడని బయమేసిందే. అడిగితే ఒద్దంటాడని నూరి పణాలో కలిపీసేను. ఒకటి సాలదేమోనని నాలుగు. పడిపోయినప్పుడే తెలిసింది, నా సేతులారా సేసేనని. గ్లాసు అప్పటికే కడిగీసేను. తలెత్తి సూస్తే బజారంతా నన్నే సూస్తన్నట్టుంది. అందుకని అమ్మవారొచ్చిందని ముందర అరిసింది నానే. రాలేదని తెలిసీ అరిసేను. నువ్వొచ్చేసరికి కొట్టీసున్న ఆ కొబ్బరికాయ సూసేవు కదా పద్మా, అది కొట్టింది కూడా నానే."