వార్నిష్ వాసన

2005 జూన్ 16, గురువారం. ఉదయం 9.42కి విశాఖపట్నంలో ఎగిరిన హైదరాబాద్ విమానం 10.06కి మళ్ళీ విశాఖపట్నంలోనే దిగింది. క్యాబిన్‌లో పొగ వచ్చింది. ప్రయాణికులు నూట పన్నెండు మంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అది పొగ అని మొదట చెప్పింది పద్నాలుగో వరుసలో కూర్చున్న సూర్యకళ. వయసు నలభై ఒకటి. విమానం ఎక్కడం అదే మొదలు. పక్కన భర్త శ్రీరామ్మూర్తి. మల్కాపురంలో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఒక పంపుల కంపెనీ అతన్ని జిల్లాలో ఉత్తమ మెకానిక్‌గా ఎంచి, ఆ సాయంత్రం హైదరాబాద్‌లో జరిగే సన్మానానికి రెండు టిక్కెట్లు పంపింది.

షాపుకు వచ్చే కాలిన మోటార్లు మధ్యాహ్నానికి ఇంటికి చేరతాయి. మాడిన తీగ కోసి తీసేది, తీగ పట్టే గాడుల్లో కాగితం దూర్చేది, కొత్త రాగి తీగ చుట్టేది, వార్నిష్ పోసి బల్బు కింద ఆరబెట్టేది సూర్యకళ. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. నూట ఇరవయ్యో చుట్టు దగ్గర ఉండగా అత్త అసిరమ్మ "టీ ఎట్టవేటే" అని కేకేసేది. లెక్క పోయేది. విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. "ఇంట్లో కూకుని తీగ సుట్టడం కూడా ఓ పనేటే? నా కొడుకు షాపుకాడ ఉడికిపోతన్నాడు" అనేది అసిరమ్మ. షాపులో ఫ్యాను ఉంది. ఆ ఫ్యాను మోటారు చుట్టింది కూడా సూర్యకళే. ఆ మాట అత్తతో అనాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అంటే లెక్క పోతుందని ఊరుకుంది.

విమానం ఇంకా కదలకముందే నెత్తిమీద నుంచి తెల్లగా ఏదో దిగింది. వెనక ఎవరో కేక పెట్టారు. ఎయిర్ హోస్టెస్ నీలిమ నవ్వుతూ వచ్చి, సముద్రపు గాలిలో తేమ ఎక్కువని, అది ఏసీ ఆవిరని, విశాఖలో ఇది మామూలేనని చెప్పింది. అందరూ నవ్వుకున్నారు. "ఆవిరే ఇది. బయపడకు" అన్నాడు శ్రీరామ్మూర్తి, తనకు ముందే తెలిసినట్టు.

ఎగిరిన నాలుగు నిమిషాలకు సూర్యకళ కాళ్ల కింద ఏదో మూలిగింది. టక్కున ఆగింది. తర్వాత పక్కగోడ అంచు నుంచి తెల్లగా లేచింది. ఈసారి ఎవరూ కేక పెట్టలేదు. ఒకాయన పేపరుతో విసురుకున్నాడు కూడా.

"ఏవండీ, వార్నిష్ కాలతంది" అంది సూర్యకళ.

"ఏసీ ఆవిరని సెప్పింది కదేటి? ఊరుకో. అందరూ సూత్తన్నారు."

సూర్యకళ బడిలో పిల్లలా చెయ్యెత్తింది. అతను ఆ చెయ్యి దించాడు. ఆమె రెండో చెయ్యి ఎత్తింది.

నీలిమ వచ్చింది. "అది ఆవిరేనమ్మా. ఇందాకే చెప్పాం కదా."

"ఆవిరికి వాసనుంటాదేటమ్మా? మోటారు కాలతన్న వాసనిది. ఓసారి వంగి సూడు."

నీలిమ వంగింది. లేచేటప్పటికి ఆమె ముఖంలో నవ్వు లేదు. గబగబా ముందుకు నడిచి పైలట్‌కు ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో విమానం ఎడమకు ఒరిగింది. కిటికీలో మళ్ళీ సముద్రం కనిపించింది.

పదకొండున్నరకు ఇంజినీరు సాయిశంకర్ ఒక ట్రేలో చిన్న మోటారు పట్టుకుని ప్రయాణికులు కూర్చున్న హాల్లోకి వచ్చాడు. విమానంలో గాలి తిప్పే ఫ్యానుది. "వాసన చెప్పిందెవరు?" అన్నాడు. నీలిమ చూపించే లోపే శ్రీరామ్మూర్తి లేచాడు.

"మాది వైండింగు షాపే సార్. ఓల్టేజీ ఎక్కువై కాలిపోయుంటాది."

షాపుకు వచ్చే ప్రతి మనిషికీ అతను చెప్పే మాట అదే. ఇంటికొచ్చాక సూర్యకళ అసలు కారణం చెబితే, మర్నాడు దాన్నే తన మాటగా చెప్పేవాడు. ఇప్పుడు మర్నాటిదాకా ఆగడానికి లేదు. ఇంతమందిలో కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పోయినేడు షాపుకొచ్చే ఎల్లాజీ ముందు అతని మాట ఒక్కటి దిద్దితే నాలుగు రోజులు అతనూ అత్తా ఆమెతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజుల్లో ఎవరూ పిలవక ఏడు మోటార్లు పూర్తయ్యాయి. అది గుర్తొచ్చి సూర్యకళకు నవ్వొచ్చింది. లేచి ట్రే దగ్గరకు వెళ్లింది.

"ఓల్టేజీ కాదు సార్. బేరింగు పట్టేసి ఇరుసు బిగుసుకుపోనాది."

"నీకేటి తెలుసే?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"వాసన పట్టింది ఆవిడే కదా బాబూ, సెప్పనీ" అన్నాడు విమానంలో పేపరుతో విసురుకున్నాయన.

సూర్యకళ భర్త వైపు చూడలేదు. "మా షాపులో మోటార్లు సుట్టేది నాను సార్. ఈయన బిల్లులు రాత్తారు. సూడండి, మూడు ఫేజుల సుట్లూ ఒక్కలాగే మాడాయి. తీగలో తప్పుంటే ఓ పక్కే మాడతాది. పైగా ఓల్టేజీకి మోటారు మూలగదు. ఇది నా కాళ్ల కింద మూలిగి ఆగిపోనాది. ఇరుసు తిప్పి సూడండి."

శ్రీరామ్మూర్తి కూర్చున్నాడు. సాయిశంకర్ ఇరుసుకు గుడ్డ చుట్టి తిప్పాడు. ట్రే కింద పెట్టి, రెండు చేతులతో తిప్పాడు. ఇరుసు తిరగలేదు.