రెండు చుక్కల నడుమ

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, మేడ మీది యానిమేషన్ స్టూడియోలో మైత్రేయి టిఫిన్ డబ్బా ఇంకా తెరవలేదు. పెళ్లయి నలభై రోజులే. పొద్దున విష్ణుతేజ తనే బొరుగులతో ఉగ్గాని కలిపి, పైన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి, మూత మీద పెన్నుతో నవ్వుమొగం గీసి ఇచ్చాడు. ఆ మొగాన్ని చూసినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తోంది. వెనక నిలబడిన పద్మనాభయ్యను చూస్తే ఆగిపోతోంది.

ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక బండల ఫ్యాక్టరీకి మేనేజరు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న ఖమర్‌బీ, రోజుకు నాలుగొందల కూలి మీద తొమ్మిదేళ్లు ఆ ఫ్యాక్టరీలో పనిచేసింది. నెల కిందట ఆమె కుడిచేతి నాలుగు వేళ్లు రంపం కింద పోయాయి. ప్రమాదం ఎలా జరిగిందో చూపే బొమ్మల వీడియో ఫ్యాక్టరీ తరఫున లేబరు ఆఫీసుకు పోవాలి. అది నిజమేనని ఆమె వేలిముద్ర వేయాలి. తప్పు ఆమెదని తేలితే పరిహారం ఇవ్వక్కర్లేదని పద్మనాభయ్య ధీమా.

ఫ్యాక్టరీ కెమెరాకు చిక్కింది రెండు క్షణాలే. బండలను రంపం దగ్గరికి తీసుకెళ్లే బెల్టు మీద చెయ్యి ఉండడం, చెయ్యి రంపం దగ్గర ఉండడం. నడుమ జరిగిందంతా స్తంభం చాటున పోయింది. మైత్రేయి ఆ రెండింటికీ రెండు చుక్కలు పెట్టింది. వాటి నడుమ కదలికను సాఫ్ట్‌వేరే ఒక గీతగా నింపింది. మెల్లగా మొదలై, ఊపందుకుని, మెల్లగా ఆగే వంపు గీత.

"శానా బాగుందమ్మా," అన్నాడు పద్మనాభయ్య, తెర మీద ఆడుతున్న బొమ్మను తన ఫోన్‌లో తీసుకుంటూ. "ఆమే చెయ్యి పెట్టినట్టు కనపడతాండాది. ఇట్లనే పంపిచ్చు."

ఖమర్‌బీ లేచి తెర దగ్గరికొచ్చింది. "అట్ల కాదు పాపా. నేను పెట్టల్యా. గ్లౌజు బెల్టు పిన్నుకు తగులుకునింది. లాక్కపోయింది. పీక్కున్యా రాల్యా."

"బెల్టు ఆపల్యాకపోతివా?"

"యాడ ఆపేది సార్? పని నిలబడతాదని స్విచ్చికి పెట్టె బిగిచ్చి తాళమేయించింది మీరే గదా!"

మైత్రేయి చెయ్యి మౌసు మీద ఆగింది. కొత్త గాజుల చప్పుడూ ఆగింది. మనిషి చెయ్యి ఒకే వేగంతో కదలదు. తటపటాయిస్తుంది, తర్వాత ఊపందుకుంటుంది. బెల్టుది మొదటి నుంచి చివరిదాకా ఒకటే వేగం. మనిషి కదిలితే వంపు వస్తుంది, బెల్టు లాగితే తిన్నని గీత వస్తుంది. మూడేళ్లుగా ఈ పనిలో ఉన్న ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ పొద్దున ఆ వంపును అలవాటుగా అలాగే ఉంచేసింది. ఆ అలవాటే ఖమర్‌బీ మీద నేరం మోపింది.

గీతను పట్టుకుని తిన్నగా చేసింది. బొమ్మను మళ్లీ ఆడించింది. ఇప్పుడు చెయ్యి పోవడం లేదు. బెల్టు దాన్ని తీసుకుపోతోంది.

"అదే పాపా. అట్లనే," అని ఖమర్‌బీ మొగం తిప్పేసుకుంది.

"ఎవురడిగినారు నిన్ను?" పద్మనాభయ్య గొంతు లేచింది. "గీతే గదా, ముందరున్నట్టే పెట్టు. ల్యాకుంటే మీ ఓనరు సాయిప్రసాద్‌కు ఫోన్ చేస్తా. రేపట్నించి మొగునికి వండిపెట్టుకుంటా కూసుందువు!"

"వంట ఆయనే చేస్తాడు సార్," అంది మైత్రేయి. "ఆ వంపు మాత్రం నేను పెట్టను."

ఆయన ఫోన్ చేసుకుంటూ బయటికి నడిచాడు. కాసేపటికి బల్ల మీద మైత్రేయి ఫోన్ అదురుతూ మోగింది. సాయిప్రసాద్. ఆ అదురుకు పక్కనున్న డబ్బా మూత కూడా అదిరింది. ఆమె తీయలేదు.

పద్మనాభయ్య లోపలికొచ్చి ఇంకు పెట్టె తెరిచి ఖమర్‌బీ ముందుకు తోశాడు. "పాత వీడియో నా ఫోన్‌లోనే ఉంది. దానికే ఎయ్యి ముద్ర."

ఖమర్‌బీ ఎడమచేతి బొటనవేలిని నాలుగు వేళ్ల లోపలికి ముడుచుకుని పిడికిలి బిగించింది.