పసుపు పెట్టని పడవ

గోదావరి మధ్య మా లంకకి రెండు రేవులు. పడమటి రేవు నాది. తూర్పు రేవు నా బావమరిది అప్పాజీది. నేను పడమటి ఒడ్డుకి పడవ వేస్తాను. వాడు తూర్పు ఒడ్డుకి వేస్తాడు. లంక పశ్చిమగోదావరి జిల్లాలోది. ఓట్లు, రేషను, కరెంటు బిల్లు అన్నీ పడమటి ఒడ్డు నుంచే. అందుకని నా రేవుదే పెద్దరికం అనుకునేవాణ్ణి. అప్పాజీ రేవు దాటితే తూర్పుగోదావరి. పరాయి జిల్లా.

లంకలో బడి అయిదో తరగతితో సరి. ఆరు చదవాలంటే ఏరు దాటాలి. నా మనవరాలు వెంకటదుర్గ అయిదులో ఉండగానే నా పడవ ముందు భాగంలో ఒక బల్ల కొట్టించాను. టేకు చెక్క. ఎవరు కూర్చోబోయినా లేపేసేవాణ్ణి. ఎందుకని అడిగితే చెప్పేవాణ్ణి కాదు. జూన్ వస్తే అది దుర్గ చోటు.

ఆ మే నెలలో నా కోడలు మాణిక్యం అన్నం వడ్డిస్తూ ఒక మాట చెప్పింది.

"మావయ్యగారూ, దుర్గని తూర్పొడ్డు హైస్కూల్లో వేద్దామనుకుంటున్నామండి."

"మనది ఆ జిల్లా కాదు," అన్నాను.

"బడికి జిల్లా ఏంటండి? పడమటొడ్డున దిగాక హైస్కూలు నాలుగు మైళ్లు. ఆడపిల్ల నడవాలి. అక్కడైతే గట్టు దిగితే బడేనండి. మనవైపు లెక్కల మాస్టారు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. అక్కడ ఉన్నారంట."

కొడుకు భీమవరంలో రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. ఆదివారాలు వస్తాడు. వాడిది పెళ్లాం మాటే. నేను నా భార్య సూరమ్మ వైపు చూశాను.

"మా తమ్ముడి పడవేగా. పిల్లని కళ్లల్లో పెట్టుకుని దాటిస్తాడు," అంది సూరమ్మ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

లంక బడి మాస్టారు మీద కొంత ఆశ పెట్టుకున్నాను. ఆయన మాణిక్యంతో, "వేరే జిల్లా అంటే టీసీ మీద ఎమ్మీవో గారి సంతకం కావాలమ్మా. తిరగాలి," అన్నాడు. నాకు కొంచెం ఊపిరి తిరిగింది. ఎమ్మీవో ఆఫీసు పడమటి ఒడ్డున. మాణిక్యం మొదటిసారి వెళ్తే ఆయన లేడు. రెండోసారి మీటింగు. ఆ తర్వాత సంతకంతో వచ్చింది. ప్రతిసారీ తీసుకెళ్లింది, తీసుకొచ్చింది నా పడవే.

జూన్‌లో దుర్గ తూర్పు రేవుకి నడిచింది. దాన్ని చూసి ఇంకొన్ని ఇళ్లవాళ్లు కూడా పిల్లల్ని అటే వేశారు. పొద్దున్నే నా రేవులో నిలబడితే లంక అవతల నుంచి పిల్లల కేకలు వినబడేవి. నా పడవలో పాలక్యాన్లు, ఎరువు బస్తాలు మిగిలాయి. అవి మాట్లాడవు. నేనూ మాట్లాడను.

ఒక సాయంత్రం దుర్గ నాలుక ఊదారంగులో ఉంది.

"ఏం తిన్నావు?"

"నేరేడు పళ్లు తాతా. అప్పాజీ తాత రోజూ తెస్తాడు. పడవలో ఎక్కాలు కూడా పాడిస్తాడు. పదిహేడో ఎక్కం నడి ఏట్లో మొదలెడితే ఒడ్డుకి అయిపోద్ది."

నేను మూడో తరగతి దాకా చదివాను. ఎక్కాలు పది దాకా వచ్చు. అప్పాజీ నా పక్కన కూర్చునే చదివాడు. వాడికి పదిహేడు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

మర్నాడు నేనే నేరేడు పళ్లు తెచ్చి దుర్గ ముందు పెట్టాను. వాడు తెచ్చేవాటికంటే లావు కాయలు. ఒకటి నోట్లో వేసుకుని, "గొంతు పట్టేసింది తాతా, పొద్దున్నే బోలెడు తిన్నాను," అంది. మిగతావి సూరమ్మ తింది.

ఆషాఢంలో ఎర్రనీరు వచ్చింది. పైన వానలు పడితే గోదావరి మట్టిరంగు తిరుగుతుంది. ఆ నీటి మీద పడవ వెయ్యాలంటే ముందు పడవ ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. పెట్టేది ఆడపిల్ల. గంగమ్మకి ఆడపిల్ల చెయ్యి ఇష్టమని మా వాళ్ల నమ్మకం. మాటలు వచ్చినప్పటి నుంచి నా పడవకి దుర్గే పెడుతోంది. చిన్నప్పుడు నేను ఎత్తుకుంటే పెట్టేది.

ఆ పొద్దున కొబ్బరికాయ పట్టుకుని రేవులో నిలబడ్డాను. దుర్గ రాలేదు. పాలు పోసే అప్పాయమ్మ వచ్చింది.

"మీ మనవరాలు ఆ రేవులో ఉందండి. అప్పాజీగారి పడవకి పసుపు రాస్తోంది. ఆయనకి అందరూ మనవళ్లేగా మరి. ప్రేయరు టైమైపోద్దని పిల్ల ఒకటే కంగారు."

కొబ్బరికాయ ఇంటికి పట్టుకుపోయాను.

సాయంత్రం దుర్గ గోళ్లలో ఇంకా పసుపు ఉంది. "తాతా పద, మన పడవకి కూడా పెట్టేస్తాను," అంది.

కూడా అంది.

"అక్కర్లేదు," అన్నాను.

"పోనీ నేను పెట్టనా?" అంది సూరమ్మ.

"నువ్వు పిల్లవా?" అన్నాను.

పసుపు లేకుండా పడవ వెయ్యలేను. ఎవరైనా అడిగితే పడవకి నీరు కారుతోందని చెప్పాను. పాలక్యాన్లు కూడా తూర్పు రేవుకి పోయాయి. నేను రేవులో కూర్చుని చుట్ట కాల్చాను. అటునుంచి ఎక్కాలు వినబడ్డాయి. నిజంగా వినబడ్డాయో, నేనే అనుకున్నానో.

అలా రెండు రోజులు గడిచాక వరద పెరిగింది. తూర్పు పాయ వెడల్పు, అక్కడ వడి ఎక్కువ. ఆ జిల్లా ఎమ్మార్వో గారు పడవలు కట్టెయ్యమని మనిషిని పంపారు. మా పాయ చిన్నది. మా జిల్లా ఎమ్మార్వో గారు ఇంకా ఏమీ అనలేదు.

పొద్దున్నే మాణిక్యం వచ్చింది. వెనక బడి పిల్లలు, వాళ్ల తల్లులు. వాళ్ల వెనక దుర్గ సంచి భుజాన వేసుకుని అప్పాజీ.

"మావయ్యగారూ, పిల్లలకి ఈ రోజు లెక్కల టెస్టండి. పడమటొడ్డుకి దాటిస్తే సిద్ధాంతం వంతెన మీద బస్సెక్కి రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి బడికి పోతారు. టెస్టు మధ్యాహ్నమేనంట. అప్పాజీ బాబాయిగారు తోడు వెళ్తానన్నారు."

"పడవకి నీరు కారుతోంది."

అప్పాజీ వంగి పడవలోకి చూశాడు. "ఎక్కడ బావా? మా ఇంటి అరుగు కంటే పొడిగా ఉంది." తర్వాత పడవ ముక్కు చూశాడు. వాడికి అర్థమైంది. "ఓహో. పసుపు పడలేదా? ఇది తెలిస్తే ఒక్కరు ఎక్కరు బావా. నేనూ ఎక్కను."

ఒకావిడ కొడుకుని చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది.

దుర్గ నా వైపు చూసింది. "అడిగాను గదా తాతా. వద్దన్నావు."

అందరూ విన్నారు. నేను తాడు ముడి చూసుకున్నాను.

"ఇప్పుడు పెట్టు," అన్నాను.

దుర్గ ఇంటికి పరుగెత్తింది. అది వచ్చేలోగా అప్పాజీ భుజం మీది సంచి తీసుకుని టేకు బల్ల మీద పెట్టాను. వాడు నవ్వాడు.

దుర్గ పసుపు పొట్లం, కుంకుమ భరిణె, కొబ్బరికాయ తెచ్చింది. నీళ్లలో దిగి ముక్కంతా పసుపు రాసింది. మూడు బొట్లు పెట్టింది. ఇప్పుడు ఎత్తుకోనక్కర్లేదు, చెయ్యి అందుతోంది. కొబ్బరికాయ నేను కొట్టాను. దుర్గ పొట్లం మడుస్తోంది.

"అదెందుకు?"

"కొంచెం ఉంచుతాను తాతా. అప్పాజీ తాత పడవకి రాసిన పసుపు వానకి కారిపోయింది."

చెయ్యి చాపాను. ఇచ్చింది. పొట్లం విప్పి మిగిలిన పసుపంతా నా పడవకే రాశాను. ముక్కుకి రాశాను, అంచులకి రాశాను. కాగితం దులిపి ఏట్లో వదిలాను.

"పడవకా బావా, పెళ్లికూతురికా?" అన్నాడు అప్పాజీ. పిల్లలు నవ్వారు. దుర్గ కూడా నవ్వింది.

అందరూ ఎక్కారు, మాణిక్యం కూడా. దుర్గ టేకు బల్ల మీద కూర్చుంది. చెయ్యి పెట్టి నిమిరి, "బాగుంది తాతా," అంది. అప్పాజీ వచ్చి దాని పక్కన సర్దుకున్నాడు.

"ముందు బరువెక్కువైంది. వెనక్కి పో," అన్నాను.

వాడు పుట్టింది పడవలో. ఎక్కడ బరువెక్కువో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా లేచాడు. వెనక చివర కూర్చుని అక్కణ్ణుంచి కేకేశాడు.

"దుర్గమ్మా, పదిహేడు."

పిల్లలు అందుకున్నారు. పదిహేడొకట్లు పదిహేడు. పదిహేడు రెళ్లు ముప్పైనాలుగు. దుర్గ నా వైపు తిరిగి పాడుతోంది.

"నువ్వూ అను తాతా."

"గెడ పట్టుకున్నాను గదా."

వరదలో సూటిగా దాటకూడదు. ఒడ్డు వెంట కొంత ఎగువకి వెళ్లి అక్కణ్ణుంచి జారాలి. నేను ఇంకొంచెం ఎగువకి వెళ్లాను. పదిహేడు అయిపోయింది. ఒడ్డు రాలేదు. పద్దెనిమిది మొదలెట్టారు. అదీ అయిపోయింది.

"ఏం బావా, నీ ఒడ్డు ఎటో మరిచిపోయావా?" అన్నాడు అప్పాజీ.

"వడి ఎక్కువగా ఉంది."

"అవునవును," అన్నాడు వాడు.

"బస్సు టైమవుతోందండి," అంది మాణిక్యం.

పడవ తిప్పాను.

ఒడ్డున పిల్లలు దూకారు. దుర్గ సంచి తగిలించుకుని, "సాయంత్రం ఇక్కడే ఉంటావా తాతా?" అని అడిగింది. ఉంటానన్నాను. అప్పాజీ దాని చెయ్యి పట్టుకుని గట్టెక్కుతూ వెనక్కి తిరిగాడు.

"రేపటికి నీరు తీసేస్తుందిలే బావా. మళ్లీ నీకు శ్రమ ఉండదు."

వాళ్లు గట్టు దిగి కనబడకుండా పోయారు. నీరు తీస్తుందో పెరుగుతుందో చూద్దామని నేను నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాను. మాణిక్యం లంకకి వెళ్దామంది. కాసేపు ఆగమన్నాను. చుట్ట అయ్యేసరికి పుల్ల మునిగింది. లేచి, ఇంకో పుల్ల విరిచి, జానెడు పైన గుచ్చాను.