ఎర్ర గ్రహం కోసం ప్రార్థన

ఉద్యోగం పోయిన సంగతి ఆషర్ తన భార్య హదస్సాకు చెప్పలేదు. మాంద్యం పేరు చెప్పి కంపెనీ సగం మందిని ఇంటికి పంపిన ఆ వేసవిలో కూడా అతను రోజూ టక్ చేసుకుని, హదస్సా కట్టిచ్చిన టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరేవాడు. వెళ్లేది మాత్రం చిలకలగూడలోని ఒక ఇంటర్నెట్ సెంటరుకు. అక్కడ మూలనున్న కంప్యూటర్లో ఒక ఆట ఉండేది.

ఆట అనడం చిన్నమాట. అదొక ఎర్ర గ్రహం. ఫలానా దారినే పోవాలని లేదు. దూరంగా కొండ కనిపిస్తే నడుచుకుంటూ పోయి ఎక్కొచ్చు, అవతల ఏముందో చూడొచ్చు. గేటు దగ్గర కార్డు అడిగేవాడు లేడు. ఆషర్ అక్కడ మనుషులను దింపాడు, నీళ్ల ప్లాంటు కట్టాడు. బయట ఒక్క కంపెనీ అతన్ని ఇంటర్వ్యూకు పిలవలేదు గానీ, అక్కడ ఈ అయ్యగారు లేకపోతే ఎవరికీ పూట గడవదు.

"ఆఫీసుల పని ఎట్లుంది?" అని హదస్సా రోజూ అడిగేది. అబద్ధం అల్లడం చేతకాని మనిషి, ఆటలో జరిగిందే చెప్పేవాడు.

"సైటుల దుమ్ము తుఫాను లేచింది. మనోళ్లు లోపలనే ఇరుక్కున్నరు. పరేషాన్‌గ ఉంది."

కంపెనీ సైటు గల్ఫ్‌లో ఏదో ఎడారిలో ఉందనుకుంది పిచ్చితల్లి. అనుకుని ఊరుకుందా? శుక్రవారం స్త్రీల ఉపవాస కూడికలో ప్రార్థన మనవి పెట్టేసింది.

ఆదివారం ఆరాధనలో పాస్టర్ జీవరాజు మనవులు చదువుతూ, "సహోదరుడు ఆషర్ గారి సైటులో, తుఫానులో చిక్కుకున్న పనివారి కోసం" అన్నారు. సంఘమంతా తలలు వంచింది. ప్రార్థన చివర అందరూ ఆమేన్ అన్నారు. ఆషర్ గబగబా బయటికి నడిచాడు.

బయట చెప్పులు వేసుకుంటుంటే కాంతమణమ్మ ఎదురొచ్చింది. చర్చి పక్కనే ఒంటరిగా ఉండే పెద్దావిడ, పైగా షుగరు. గోడ పట్టుకుని నిలబడింది.

"శుక్రవారం నుంచి ఉపవాసముంటున్న బిడ్డా. వాళ్లు బయటపడ్డరా?"

పడ్డారని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె ఇంటికెళ్లి నాలుగు మెతుకులు తినేది, ఇతని బండారమూ దాగేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ఇంకా గోడ పట్టుకునే ఉంది. ఆషర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కడ ఎవరు లేరు ఆంటీ. అది కంప్యూటర్ల ఆట. నాకు జాబ్ పోయి చాన రోజులైంది. మీరు ఇంటికి పోయి తినండి."

కాంతమణమ్మకు సగమే అర్థమైంది. "ఎవ్వరికి ఏం కాలేదు గద, అంతే చాలు" అని, దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ వెళ్లిపోయింది.

హదస్సా వెనకే ఉంది. అంతా వింది. తిట్టలేదు, ఏడవలేదు. ఇంటి దారిలో అడిగింది.

"మరి బాక్సు రోజు ఏడ తింటున్నరు?"

"సెంటర్ల తిననియ్యరు. బయట మెట్ల మీద."

"గింత ఎండల?"

అతను తలూపాడు. అప్పుడు ఏడ్చింది హదస్సా.